జబ్బ మీది టీకా మచ్చ: ఉంచుకోవాలా, తగ్గించుకోవాలా, దేనికి ఏ వైద్యం?

మా అమ్మ ముంజేతి మీద రెండు గుండ్రటి మచ్చలు ఉన్నాయి. ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత ఉంటుంది. నడుమ చర్మం పల్చబడి, కాస్త గుంటపడి, అక్కడి నుంచి అంచు వరకు బండి చక్రపు ఆకుల్లా సన్నటి గీతలు సాగి ఉంటాయి. అవి చిన్నప్పుడు మశూచి టీకాలు వేసిన చోట్లు. నా ఎడమ జబ్బ మీద ఉన్నది క్షయ రాకుండా వేసే బి.సి.జి. టీకా మచ్చ, చింతగింజంత మేర గట్టిపడిన కండ, విశాఖ ఉక్కపోతకు దురద పెడుతూ ఉంటుంది. మా అబ్బాయికి కూడా అదే టీకా, అదే జబ్బ మీద వేశారు. వాడి మచ్చ మాత్రం పెసరగింజంత ఉండి, వెలుతురులోకి తిప్పి చూస్తే తప్ప కనబడదు.

ఒకే ఇంట్లో ఉన్న ఈ మూడు మచ్చలకూ ఒకే వైద్యం పనికిరాదు. అయినా టీకా మచ్చ పోవడానికి ఏం చేయాలని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట: క్రీమ్ రాసి చూడండి, తగ్గకపోతే తీయించేసుకోండి. ఆ మాట విని నేను నష్టపోయాను కాబట్టి, ఇలాంటి మచ్చతో ఏం చేయాలో తేల్చుకోలేక ఉన్నవారికి ఒక్కొక్క మార్గాన్నీ దాని లాభనష్టాలతో సహా చెప్పాలని ఇది రాస్తున్నాను. వైద్యుడు చేత్తో తాకి చూసి చెప్పే మాటకు ఇది బదులు కాదు. ఆ గదిలోకి వెళ్ళే ముందు మన ప్రశ్నలు మనకు తెలిసి ఉండాలన్నదే నా ఉద్దేశం.

ఏ టీకా ఎలాంటి మచ్చను వదులుతుంది

మశూచి టీకాను కండలోకి ఎక్కించేవారు కాదు. బ్రతికున్న వైరస్ ఉన్న మందును చర్మం మీద పెట్టి, పైపొరలోకి దిగేలా చేసేవారు. మన దేశంలో చాలాకాలం పళ్ళున్న చిన్న లోహపు బిళ్ళను చేతి మీద ఆనించి గుండ్రంగా తిప్పేవారు. తరువాత రెండు మొనల సూదితో ఒకే చోట గబగబా 15 సార్లు పొడిచే పద్ధతి వచ్చింది. ఆ చోట పొక్కు లేచి, చీము పట్టి, పెచ్చు కట్టి, దాదాపు మూడు వారాలకు ఆ పెచ్చు రాలిపోయేది. కింద మిగిలేదే ఆ గుంట మచ్చ. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి ప్రపంచమంతటా నిర్మూలమైందని ప్రకటించింది. ఆ టీకా ఆగిపోయింది కాబట్టి, 1980 తరువాత పుట్టినవారి జబ్బ మీద ఉన్నది దాదాపు ఎప్పుడూ బి.సి.జి. మచ్చే.

క్షయ నుంచి, ముఖ్యంగా పసిపిల్లల్లో మెదడు పొరలకు సోకే క్షయ నుంచి కాపాడే బి.సి.జి. టీకా మన తెలుగు నేలకు కొత్తది కాదు. 1948లో దేశంలో ఈ టీకాను మొదటగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇప్పుడు బిడ్డ పుట్టగానే, ఎడమ జబ్బ మీద, సరిగ్గా చర్మం పొరల మధ్యకు వెళ్ళేలా వేస్తారు. నెలలోపు బిడ్డకు 0.05 మిల్లీలీటర్లు, ఆ తరువాత ఏడాది లోపు వరకు 0.1 మిల్లీలీటరు. రెండు మూడు వారాలకు చిన్న పొక్కు కనబడుతుంది. అది పెరిగి, ఐదారు వారాలకు చితికి, కొంచెం రసి కారి, ఆపైన కొన్ని వారాల్లో తనంతట తానే మానిపోతుంది. 4 నుంచి 8 మిల్లీమీటర్ల మచ్చ మిగలడం మామూలు సంగతి. పోలియో చుక్కలకు మచ్చ ఉండదు. తొడలో వేసే మిగతా టీకాలు కూడా సాధారణంగా మచ్చ మిగల్చవు.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది మచ్చ రకం. కళ్ళు మూసుకుని వేలికొనతో మచ్చ మీదుగా నెమ్మదిగా రాయండి. వేలు కిందికి దిగితే అది గుంట మచ్చ. వేలు పైకి లేస్తే ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఆ ఉబ్బు పాత పుండు ఉన్న మేరకే ఉందా, లేక గట్టు దాటి పక్క చర్మం మీదికి పాకిందా? ఉన్న చోటే ఉబ్బిన మచ్చ ఏడాది రెండేళ్ళలో కొంతైనా అణగవచ్చు. గట్టు దాటి పాకినదాన్ని వైద్యులు కీలాయిడ్ అంటారు; మన ఇళ్ళలో కండ పెరిగింది అంటాం. అది తనంతట తాను తగ్గడం చాలా అరుదు. యుక్తవయసులోను, గర్భం దాల్చినప్పుడు పెరగడం కూడా కద్దు.

రెండవది మీ చర్మపు స్వభావం. చెవులు కుట్టించిన చోట ఎప్పుడైనా గడ్డకట్టినట్టు కండ పెరిగిందా, మొటిమ మానిన చోట రొమ్ము మీదో భుజం మీదో ఉబ్బు మిగిలిందా, అమ్మకో అక్కకో ఆపరేషన్ కుట్లు తాడులా లేచాయా అని గుర్తు చేసుకోండి. ఒక్కదానికైనా అవును అన్నది సమాధానమైతే, మచ్చ మీద కత్తి, సూది, లేజర్ ఏది పెట్టినా అది కొత్త గాయమేనని, కొత్త గాయమంటే కొత్త కండకు అవకాశమేనని లెక్కలో ఉంచుకోవాలి. మన చామనఛాయ చర్మాలకు కీలాయిడ్ ముప్పు తెల్లవారి చర్మం కన్నా ఎక్కువ. అందులోనూ భుజం పైభాగం ఆ ముప్పు బాగా ఉన్న చోటు.

మూడవది బాధ. దురద, పోటు, బట్ట తగిలితే మంట ఉన్న మచ్చకు వైద్యం చేయించడం వేరు, అందం కోసం మాత్రమే చేయించడం వేరు. మొదటిదాంట్లో సగం తగ్గినా మనిషికి సుఖం. రెండవదాంట్లో సగం తగ్గితే, మిగతా సగం రోజూ అద్దంలో కనబడుతూనే ఉంటుంది.

నాలుగవది ఓపిక. డబ్బు సంగతి అందరూ అడుగుతారు కానీ, నెలకోసారి చొప్పున ఏడాది పాటు ఆసుపత్రికి తిరగగలమా అని ఎవరూ అడగరు. పెందుర్తి నుంచో భీమిలి నుంచో సగం రోజు సెలవు పెట్టి రావలసినవారికి వైద్యం మధ్యలో ఆగిపోయేది ఇక్కడే.

మార్గాలన్నీ ఒక్క చూపులో

| మార్గం | ఏ మచ్చకు నప్పుతుంది | పట్టే కాలం | కొత్తగా రాగల ఇబ్బంది |
|---|---|---|---|
| అలాగే వదిలేయడం | బాధ లేని ఏ మచ్చకైనా | లేదు | లేదు |
| సిలికోన్ షీటు లేదా జెల్ | కొత్తగా ఉబ్బుతున్న మచ్చ | రోజుకు 12 గంటలకు పైగా, కనీసం 2–3 నెలలు | చెమట పొక్కులు, షీటు ఊడిపోవడం |
| మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ | ఉబ్బు మచ్చ, కీలాయిడ్ | 4–6 వారాలకు ఒకటి, పలుమార్లు | నొప్పి, రంగు తగ్గడం, చర్మం పల్చబడడం |
| అతిశీతల వైద్యం | చిన్న, గట్టి కీలాయిడ్ | పలుమార్లు | తెల్లమచ్చ మిగలడం |
| లేజర్, సన్నసూదుల వైద్యం | గుంట మచ్చ | పలుమార్లు | నల్లబడడం, కీలాయిడ్ ఉన్నవారికి ముప్పు |
| శస్త్రచికిత్స ఒక్కటే | కీలాయిడ్‌కు నప్పదు | ఒక్కరోజు | ఇంకా పెద్దగా తిరిగి రావడం |
| శస్త్రచికిత్స, వెంటనే అనుబంధ వైద్యం | పెద్ద, మొండి కీలాయిడ్ | ఒక్కరోజు, తరువాత నెలలు | తిరిగి వచ్చే అవకాశం తక్కువే గాని ఉంది |

అలాగే వదిలేయడం

దీన్ని చేతకానితనంగా కాక, ఒక ఎంపికగానే చూడాలి. గుంట మచ్చ, పల్చటి మచ్చ, పెరగని చిన్న ఉబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి నేను ముందుగా చెప్పేది ఇదే. మా అమ్మ మచ్చలకు యాభై ఏళ్ళు దాటాయి, ఒక్కరోజు కూడా ఆమెను ఇబ్బంది పెట్టలేదు. పైగా కార్డులు, కాగితాలు ఎప్పుడో పోయిన తరానికి చేతి మీద ఆ గుర్తే టీకా పడిందనడానికి మిగిలిన ఆనవాలు.

ఒక్క జాగ్రత్త అవసరం. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న మచ్చలో ఉన్నట్టుండి కొత్త గడ్డ లేచినా, మానని పుండు పడినా, రక్తం కారినా, రంగు మారినా వెంటనే చూపించుకోవాలి. పాత టీకా మచ్చల్లో చర్మ క్యాన్సర్ పుట్టడం చాలా అరుదే అయినా, వైద్యులు నమోదు చేసిన విషయమే.

సిలికోన్

పారదర్శకంగా, మెత్తగా ఉండే ఈ షీటును మచ్చ కన్నా కొంచెం పెద్దగా కత్తిరించి అంటిస్తారు. నొప్పి లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు, పిల్లలకు కూడా వాడవచ్చు. పాతబడి గట్టిపడిన కీలాయిడ్‌ను ఇది ఒంటరిగా కరిగించదు. ఇప్పుడిప్పుడే ఉబ్బుతున్న మచ్చను అదుపు చేయడానికి, ఇంజెక్షన్లకో శస్త్రచికిత్సకో తోడుగా ఉండడానికి దీని ఉపయోగం.

విశాఖలో దీనికి అసలు పరీక్ష చెమట. ఏప్రిల్ నుంచి వానలు వెళ్ళేదాకా గాలిలో తేమకు షీటు అంచులు లేచిపోతాయి, లోపల చెమట చేరి చెమటకాయలు వస్తాయి. రోజంతా ఏ.సి. గదిలో పనిచేసేవారికి షీటు నప్పుతుంది. ఫిషింగ్ హార్బరులోనో, గాజువాక వైపు కర్మాగారాల్లోనో, ఎండలో బండి మీదో తిరిగేవారు పగలు జెల్ రాసుకుని, రాత్రి స్నానం చేసి బాగా తుడుచుకున్నాక షీటు పెట్టుకోవడం మేలు. రోజూ షీటును సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. వీలుంటే నవంబరులో మొదలుపెట్టండి. మూడు నెలల చల్లని వాతావరణం కలిసివస్తుంది.

మచ్చలోకి ఇంజెక్షన్

ఉబ్బు మచ్చలకు, కీలాయిడ్‌కు ఎక్కువమంది చర్మవైద్యులు మొదట ఎంచుకునేది ఇదే. ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్‌ను నేరుగా మచ్చలో పెరిగిన కండలోకి ఎక్కిస్తారు. దీన్ని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారే భయపడి మానేసేవారు చాలామంది.

మచ్చ గట్టిగా ఉంటుంది కాబట్టి మందు లోపలికి వెళ్ళడానికి ఒప్పుకోదు. డాక్టరు బొటనవేలి గోరు తెల్లబడేంత బలంగా సిరంజిని నొక్కవలసి వస్తుంది. మందు చేరవలసిన పొరలో చేరితే ఎర్రగానో నల్లగానో ఉన్న కండ ఒక్క క్షణంలో పాలిపోయి, నారింజ తొక్కలా చుక్కలు తేలుతుంది. ఆ అర నిమిషం నొప్పి నిజంగానే ఎక్కువ. ముందుగా ఐసు పెట్టడం, మొద్దుబార్చే మందును కలపడం వల్ల కొంత తగ్గుతుంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. రెండవసారికి, మూడవసారికి కండ మెత్తబడుతుంది, నొప్పి కూడా తగ్గుతుంది. చాలామందికి మొదట పోయేది దురద. ఎత్తు తగ్గడం ఆ తరువాత సంగతి.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. మందు పక్కకు పాకితే చుట్టూ చర్మం తెల్లబడుతుంది, పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనబడతాయి. నా మచ్చ చుట్టూ అలాంటి తెల్లటి వలయం ఉంది. నెలల మీద కొంత కలిసిపోయింది గాని పూర్తిగా పోలేదు. మధుమేహం ఉన్నవారికి కొద్దిరోజులు చక్కెర పెరగవచ్చు, కొందరు స్త్రీలకు నెలసరి క్రమం తప్పవచ్చు. ఈ రెండూ ముందే డాక్టరుకు చెప్పవలసిన విషయాలు. మొండి కీలాయిడ్‌లకు 5-ఫ్లూరోయూరాసిల్ అనే మందును కూడా కలిపి ఇస్తారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అది పనికిరాదు.

చదునైన మచ్చకు, గుంట మచ్చకు ఈ ఇంజెక్షన్ అసలు వద్దు. గుంట ఇంకా లోతవుతుంది.

అతిశీతల వైద్యం, లేజర్

ద్రవ నత్రజనితో కండను గడ్డకట్టించే పద్ధతి చిన్న కీలాయిడ్‌లకు పనిచేస్తుంది. మన చర్మం మీద అది తెల్లమచ్చను వదిలే అవకాశం బాగా ఉంది కాబట్టి, జబ్బ మీది మచ్చకు అందం కోసం అడిగేవారికి నేను దీన్ని చెప్పను.

లేజర్ అన్న మాటకు ఉన్న ఆకర్షణ వల్ల అన్ని మచ్చలకూ అదే మందు అనుకుంటారు. గుంటపడిన మశూచి టీకా మచ్చకు, చదునైన బి.సి.జి. మచ్చకు పైపొరలో సూక్ష్మమైన రంధ్రాలు చేసే లేజర్, లేదా సన్నసూదుల వైద్యం వల్ల అంచులు కొంత కలిసిపోతాయి, గీతలు మెత్తబడతాయి. మచ్చ మాయమవుతుందని ఎవరైనా మాట ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మన ఛాయకు లేజర్ తరువాత నల్లబడే ముప్పు ఉంది. తరువాతి నెలల్లో జబ్బను ఎండ నుంచి కాపాడుకోవాలి. రోజూ పొద్దున్నే రామకృష్ణా బీచిలో పరుగెత్తే అలవాటు ఉన్నవారు కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలన్నమాట. కీలాయిడ్ స్వభావం ఉన్నవారు ఇలాంటి లేజర్‌కు దూరంగా ఉండాలి. ఎర్రగా ఉన్న ఉబ్బు మచ్చలకు వాడే లేజర్ వేరే రకం; యంత్రం పేరు కాదు, నా మచ్చ ఏ రకమని ముందు అడగండి.

కోయించుకోవడం

ఇరవై మూడేళ్ళప్పుడు నా మచ్చ శనగగింజంత ఉండేది. పెళ్ళి చూపులు మొదలయ్యాయి, చేతుల్లేని జాకెట్టు వేసుకోలేకపోతున్నానన్న బాధ ఒకటి. నగరంలోనే ఒక చిన్న క్లినిక్‌లో అరగంటలో కోసి, కుట్లు వేశారు. కుట్లు విప్పిన రోజు సన్నటి గీత ఒక్కటే చూసి మా ఇంట్లో అందరం మురిసిపోయాం. ఏడో నెలకు ఆ గీత దురద పెట్టడం మొదలైంది, ఏడాదిన్నరకు అది ముందున్నదానికి రెండింతలైంది. నా కుడి చెవి తమ్మె వెనక కమ్మ కుట్టించిన చోట చిన్న కండ ఉంది. కోసే ముందు ఎవరూ నా చెవి చూడలేదు, నన్ను అడగలేదు, అడగాలని నాకూ తెలియదు.

కీలాయిడ్‌ను కేవలం కోసి వదిలేస్తే 45 నుంచి 100 శాతం వరకు తిరిగి వస్తుందని వైద్యశాస్త్రం చెబుతోంది. అందుకే కోత ఒక్కటీ వైద్యం కాదు. కోసిన చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కొనసాగించడం, సిలికోన్ పెట్టడం, మొండి వాటికి కోత తరువాత ఒకటి రెండు రోజుల్లోనే కొద్దిమోతాదు రేడియేషన్ ఇవ్వడం వంటివి కలిస్తేనే తిరిగి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. రేడియేషన్ అంటే పిల్లలకు, గర్భిణులకు కుదరదు. అనుబంధ వైద్యం ఎవరు, ఎప్పుడు, ఎన్నాళ్ళు చేస్తారో రాసి ఇవ్వనిదే కోతకు ఒప్పుకోవద్దు. విశాఖలో 1923 నుంచి ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం, ప్లాస్టిక్ సర్జరీ విభాగం రెండూ ఉన్నాయి; ప్రైవేటుగా చూపించుకునేవారు కూడా ఈ రెండు రకాల వైద్యుల మాటా విన్నాకే నిర్ణయించుకోవడం మంచిది.

మందుల షాపు క్రీములు, పచ్చబొట్టు

ఉల్లి సారం ఉన్న జెల్, విటమిన్-ఇ నూనె వంటివి టీకా మచ్చను చెప్పుకోదగినంతగా మార్చవు. తెల్లబరుస్తామని అమ్మే స్టెరాయిడ్ కలిసిన క్రీములు అసలు వద్దు. మచ్చ అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న మంచి చర్మం పాడవుతుంది.

మచ్చ మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలనుకునే కుర్రవాళ్ళకు రెండు మాటలు. కీలాయిడ్ స్వభావం ఉంటే పచ్చబొట్టు సూది కూడా గాయమే. మన ఊళ్ళో నేవీకి, ఆర్మీకి తయారయ్యే పిల్లలు ఎందరో ఉన్నారు. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు తప్ప ఒంటి మీద ఇంకెక్కడ శాశ్వతమైన పచ్చబొట్టు ఉన్నా సాయుధ దళాల ఎంపికలో సాధారణంగా ఒప్పుకోరు. మచ్చ కప్పుకోబోయి ఉద్యోగం పోగొట్టుకోవద్దు.

ఎవరికి ఏది

పెళ్ళి రెండు నెలల్లో పెట్టుకున్నవారు ఇప్పుడు ఏ వైద్యమూ మొదలుపెట్టవద్దు. సగంలో ఉన్న వైద్యం మచ్చను ఇంకా ఎర్రగా చూపిస్తుంది. ఆ రోజుకు మచ్చలు కప్పే మేకప్ చాలు. ఏడాది సమయం ఉండి, మచ్చ ఉబ్బుగా ఉంటే ఇంజెక్షన్లు మొదలుపెట్టవచ్చు.

గర్భంతో ఉండగా మచ్చ పెరుగుతోందని కంగారుపడేవారు సిలికోన్‌తో సరిపెట్టుకుని, కాన్పు అయ్యాక చూపించుకోవడం మేలు.

మశూచి టీకా మచ్చలున్న పెద్దలకు అవి కనబడడం నిజంగానే బాధిస్తుంటే లేజర్ ఒక దారి. లేకుంటే వదిలేయడమే నా సలహా.

ఇక నా మనసుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది పసిబిడ్డల తల్లుల సంగతి. నాకు కండ పెరిగింది కాబట్టి నా బిడ్డకు టీకా వద్దు అన్న ఆలోచన నాకూ వచ్చింది, అది తప్పని తెలుసుకుని వేయించాను. మచ్చ చర్మం మీది విషయం, పసివాళ్ళకు మెదడు క్షయ ప్రాణం మీదికి వచ్చే విషయం. మీకు ఉన్న స్వభావాన్ని టీకా వేసే నర్సుకు చెప్పండి. భుజం కొనకు దగ్గరగా పైన వేస్తే కండ పెరిగే ముప్పు ఎక్కువ కాబట్టి, సరైన చోట వేయడానికి ఆ మాట ఉపయోగపడుతుంది. పొక్కు చితికి రసి కారినప్పుడు పసుపు, ఆయింట్‌మెంట్, పౌడర్ ఏదీ పెట్టవద్దు, పిండవద్దు, కట్టు కట్టవద్దు. నీళ్ళు పోసేటప్పుడు తడిస్తే ఫరవాలేదు, మెత్తటి గుడ్డతో అద్దండి. మచ్చ రాకపోతే టీకా పనిచేయలేదని అర్థం కాదు, మళ్ళీ వేయించవలసిన అవసరం లేదు. చంకలో చిన్న బిళ్ళ కడితే చాలావరకు అదే కరుగుతుంది. పెద్దదై మెత్తబడితే, ఎర్రబడితే చూపించాలి. అయిదు రోజులుగా తగ్గని జ్వరంతో పాటు, ఎప్పుడో మానిన టీకా మచ్చ మళ్ళీ ఎర్రగా పొంగితే ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ రెండు విషయాలూ కలిపి చెప్పండి. గుండె రక్తనాళాలను దెబ్బతీసే కవసాకి జబ్బుకు అది ఒక గుర్తు.

పెద్దలు మొదటిసారి చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు, మూడు నెలల పాటు ప్రతి నెలా మొదటి తారీఖున, ఒకే కిటికీ వెలుతురులో, మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీసిన ఫొటోలు పట్టుకెళ్ళండి. మచ్చ పెరుగుతోందా, ఆగిందా అన్నది డాక్టరు మొదట అడిగే ప్రశ్న. దానికి మన జ్ఞాపకం కన్నా ఆ ఫొటోలే కచ్చితంగా సమాధానం చెబుతాయి. వెళ్ళిన రోజు జుట్టు వెనక్కి ముడి వేసుకుని, చెవులు కూడా చూపించండి.